పదకొండు రూపాయల చేపల కుప్ప

గంగరాజుకి పెళ్లై ఇరవై రెండు రోజులైంది.

భావనపాడు రేవులో ఒక పద్ధతి ఉంది. సముద్రం మీద ఉన్నంతసేపూ చేప మగవాడిది. తెప్ప ఒడ్డుకొచ్చి, వాటాలు పడి, ఇసకలో కుప్ప పోశాక అది ఆడదానిది. ఆవిడ దాన్ని గంపకెత్తుకుని సంతకి పోతుంది, అమ్ముతుంది, బియ్యం కొంటుంది, మిగిలింది బొడ్డు సంచిలో దాస్తుంది. మగవాడికి చుట్టలు కావాలంటే ఆవిణ్ణి అడిగి పుచ్చుకోవాలి. గంగరాజు తండ్రి అలాగే బతికి అలాగే పోయాడు. గంగరాజూ ఇరవై మూడేళ్లు వచ్చేదాకా తల్లి అసిరమ్మ ఇచ్చిన పావలా పుచ్చుకుంటూ నిశ్చింతగా ఉన్నాడు. నయాపైసలు వచ్చి పదేళ్లైనా అణాకి ఎన్ని పైసలో అతనికి తెలియదు. ఆ అవసరమూ రాలేదు.

అయితే ఆ ఆడది తల్లా, పెళ్లామా అన్న సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.

గురమ్మ మూలపేట పిల్ల. పద్నాలుగో ఏట నుంచీ గంప మోసింది. అత్తారింట్లో మూడు వారాలు వంటా వార్పూ చూసి, ఆ రోజు పొద్దున్న గంప చంకన పెట్టుకుని తిన్నగా రేవుకి వచ్చేసింది. తెప్ప ఒడ్డుకి చేరింది. గంగరాజు వాటా కుప్ప పడింది. అడుగున చిన్న కవళ్లు, పైన రెండు పెద్ద వంజరం చేపలు.

"నా ఇంటి కుప్ప ఇది," అని అసిరమ్మ తన గంప ఒక పక్కన దించింది.

"నాది మాత్రం ఏ ఇల్లు అత్తా?" అని గురమ్మ తన గంప రెండో పక్కన దించింది.

ఇద్దరూ చెరో వంజరం తోకా పట్టుకున్నారు. తెప్పలో గంగరాజుకి జత అయిన అప్పలసూరి తల గోక్కున్నాడు.

"ఒరే గంగా, ఎవులిదో బేగి తేల్సు. ఎండెక్కతంది."

గంగరాజు ఇటు చూస్తే ఇరవై మూడేళ్లు పెట్టిన అన్నం. అటు చూస్తే ఇరవై రెండు రోజుల సంసారం. ఏం చెప్పినా రెండో ఆవిడ కూడు పెట్టదు, ఉండాల్సింది ఆ ఇంట్లోనే. అతని నోటికి రేవులో వేలం దగ్గర రోజూ వినే మాటే వచ్చింది.

"పాట పాడండి. ఎవులు ఎక్కువ పాడితే ఆలదే."

అప్పలసూరి పగలబడి నవ్వాడు. కానీ ఆడవాళ్లు నవ్వలేదు.

"మూడు," అంది అసిరమ్మ.

"నాలుగు," అంది గురమ్మ.

ఎలా చూసినా ఆ కుప్ప ఐదు రూపాయలు దాటదు. ఆరు దాటేసరికి అప్పలసూరి నవ్వడం మానేశాడు. ఎనిమిదికి పక్క తెప్పల వాళ్లు వలలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. అసిరమ్మ పళ్లు బిగించి పది అంది.

"పదకొండు."

"ఓలమ్మ! బంగారం ఏసి వండుతావేటే?" అని అసిరమ్మ తోక వదిలేసింది.

గురమ్మ బొడ్డు సంచి విప్పింది. అత్తారింటికి వచ్చేటప్పుడు తల్లి గుప్పిట్లో పెట్టిన డబ్బు తీసి, నోటు తరవాత నోటు మొగుడి అరచేతిలో పెట్టింది. పెట్టాక ఆగిపోయింది. అసిరమ్మ కూడా ఆ చెయ్యి చూసింది. డబ్బు కాస్తా మగవాడి చేతిలోకి పోయిందని ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

"ఒరే, ఆ డబ్బిలా తే. కన్నతల్లిని."

"మావా, అది మాయమ్మ డబ్బు. ఇటియ్యి."

గంగరాజు గుప్పిట మూశాడు. "నాను సంతకెల్తన్నాను," అని, ఉప్పు ఆరని పంచెతోనే నౌపడా స్టేషను దారి పట్టాడు. రైలు కోసం అంత గబగబా నడిచినవాణ్ణి ఆ దారిలో ఎవరూ చూసి ఉండరు.

కోటబొమ్మాళి సంతలో అతను మొదట గాజుల కొట్టు దగ్గర ఆగాడు. కొట్టువాడు డజను ఆకుపచ్చ గాజులు చూపించి "మూడు రూపాయలు" అని, బేరానికి సిద్ధంగా కూర్చున్నాడు. గంగరాజు మూడు రూపాయలూ ఇచ్చేశాడు. కొట్టువాడు భయపడి నోట్లు రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు. తరవాత చెప్పుల కొట్టు. తల్లి ఏ ఎండలోనైనా వట్టి కాళ్లతో గంప మోస్తుంది. చెప్పులవాడు ఐదన్నాడు. ఐదూ ఇచ్చేసరికి వాడికే సిగ్గేసి, జతని పాత పేపరులో చుట్టి మరీ ఇచ్చాడు.

డబ్బుతో బతకడం ఇంత తేలికా అనుకుంటూ గంగరాజు చేపల వరసకి వచ్చాడు.

అక్కడ గురమ్మ తన గంప ముందు కూర్చుని ఉంది. ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, అసిరమ్మ ఇంకో గంపతో కూర్చుంది. అప్పలసూరి పెళ్లాం పురిటికి పుట్టింటికి వెళ్లింది కనక, అతని వాటా అమ్మిపెడతానని ఆవిడ తెచ్చుకుంది. రెండు గంపల్లోవీ ఒకే తెప్ప చేపలు, ఒకే వలలో పడ్డవి.

మధ్యలో రైసుమిల్లు గుమాస్తా జగన్నాధం నిలబడ్డాడు. మిల్లు యజమాని ఇంటికి ఆ సాయంత్రం వియ్యాలవారు వస్తున్నారు. చేపలు అతనికి తప్పనిసరి, కానీ ఆ సంగతి మొహంలో కనబడనివ్వడం లేదు.

"ముసలమ్మ ఐదంటోంది. నువ్వు?"

"నాలుగున్నర," అంది గురమ్మ.

"విన్నావా ముసలమ్మా?"

"నాలుగు!"

అలా ఒకరి మీద ఒకరికి ఉన్న కోపంతో ఇద్దరూ దిగుతూ వచ్చారు. "రెండున్నర" అంటూ గురమ్మ గంప అంచు గట్టిగా పట్టుకుంది. పదకొండు పెట్టి ఆ కుప్ప కొన్న పిల్ల. ఆ మాట విన్నాక గంగరాజు కాళ్లు నిలవలేదు. తల్లి రెండు అనేలోపే జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"ఆ రెండు గంపలూ నాకు! పన్నెండు!"

రైలు టిక్కెట్టుకి అర్ధరూపాయి కూడా పోగా, గుప్పిట్లో ఉన్నది రెండున్నర.

జగన్నాధం గిరుక్కున తిరిగాడు. గురమ్మ నోరు తెరిచింది. ముందు తేరుకున్నది అసిరమ్మే. కొడుకుని కింద నుంచి పైకి ఎగాదిగా చూసి, "ఎవులు బాబూ నువ్వు? ఏ ఊరు?" అంది.

గంగరాజు గతుక్కుమన్నాడు. "నానేనమ్మా..." అనబోయాడు.

"ఈ బాబు మొన్న కూడా కొన్నాడు," అని గురమ్మ అందుకుంది. "పెద్ద భోజనాల కొట్టు. డబ్బుకి ఎనకాడడు."

"పదమూడు," అన్నాడు జగన్నాధం, పొడిగా.

"పద్నాలుగు!" అన్నాడు గంగరాజు. పాట ఎలా పెంచాలో అతనికి పుట్టుకతో వచ్చు.

"సెప్పు బాబూ, నీకేనా ఇచ్చేది?" అంటూ అసిరమ్మ గంగరాజు వైపు గంప జరిపింది. గురమ్మ కూడా తన గంప అటే జరిపింది. జగన్నాధానికి వియ్యాలవారు కళ్లముందు మెదిలారు. పదహారు అన్నాడు, గంగరాజు పదిహేడు అంటే తను పద్దెనిమిది దాకా వెళ్లాడు. గంగరాజుకి ఊపు వచ్చేసింది. ఛాతీ విరుచుకుని పందొమ్మిది అనబోయేసరికి తల్లి మడమ అతని కాలి వేళ్ల మీద గట్టిగా పడింది.

"అమ్మో!" అన్నాడు.

"అంత నాను పెట్టలేనంటన్నాడు," అంది గురమ్మ. "తీసుకో గుమాస్తా బాబూ."

జగన్నాధం డబ్బు లెక్కపెట్టి, చేపలు రిక్షాలో వేయించుకుని, గంగరాజు వైపు గెలిచినవాడిలా చూసి వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగాక అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే, ఖాళీ గంపల మీద పడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఇరవై రెండు రోజుల్లో వాళ్లిద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

"ఆడు పద్దెనిమిది అనకపోతే, నీ పదిహేడూ యాడ తెస్తువురా?" అంది అసిరమ్మ కళ్లు తుడుచుకుంటూ.

గంగరాజు గుప్పిట విప్పాడు.

"మిగతాదేది మావా?"

గాజులూ చెప్పులూ తీసి ముందు పెట్టి, ధరలు చెప్పాడు.

"గాజులు మూడా?" అంది గురమ్మ.

"సెప్పులు ఐదా?" అంది అసిరమ్మ.

ఇద్దరూ ఒక్కసారే లేచారు. గంపలు గంగరాజు చేతిలో పెట్టి, కొంగులు బిగించి సంతలో పడ్డారు. గాజులవాడు వాళ్లు ఇంకా పది గజాల దూరంలో ఉండగానే రెండు రూపాయలు తీసి బల్ల మీద పెట్టేశాడట. చెప్పులవాడు కాస్త వాదించాడు. వాదించినందుకు పావలా ఎక్కువే వదులుకున్నాడు.

సాయంత్రం ప్యాసింజరులో ముగ్గురూ తలుపు దగ్గర కింద కూర్చున్నారు. టిక్కెట్టు కొన్నవాడు గంగరాజు ఒక్కడే. అందుకు కూడా తిట్లు తిన్నాడు. అప్పలసూరి వాటా డబ్బు వేరే ముడి వేశాక, రేపటి నుంచి కుప్ప ఒకటే, గంపలు రెండు అని ఆడవాళ్లు నిర్ణయించుకున్నారు. బేరం అత్తది. సంచి కోడలిది. వారం వారం మారుతుంది.

"మరి నాకో?" అన్నాడు గంగరాజు.

"నీకేటి తక్కువ? సముద్రమంతా నీదే," అంది అసిరమ్మ. గురమ్మ మాత్రం అత్త చూడకుండా ఒక పావలా అతని పంచె మడతలోకి తోసింది. కాసేపటికి అసిరమ్మ కూడా కిటికీ వైపు చూస్తూ ఇంకో పావలా తోసింది.

ఆ రైలు పెట్టెలోనే వాళ్ల ఊరి దాలమ్మ ఎదురైంది. గురమ్మ చేతికున్న ఆకుపచ్చ గాజులు చూసి "ఎంతకే?" అంది.

"మూడు రూపాయలు," అంది గురమ్మ. "మా మావ కొన్నాడు."

గంగరాజు తల్లి వైపు భయంగా చూశాడు. అసిరమ్మ నోరు తెరిచి, కోడల్ని చూసి, మూసుకుంది. తరవాత ఒళ్లో పాత పేపరు చుట్టిన జతని ఇంకాస్త పైకి, దాలమ్మకి కనబడేలా పెట్టుకుంది. కాళ్లకి వేసుకోలేదు, కొత్తవి అరిగిపోతాయని.

"నావి ఐదు," అంది.