బడి వదిలేదాకా

బడి గేటు పక్కనున్న చిన్న తలుపు దగ్గర నిలబడి లూమింగ్ పిల్లల గోళ్ళు చూస్తోంది. గోళ్ళు చూడటం ఆమె పని కాదు. కానీ పంతొమ్మిదేళ్ళుగా అదే తలుపు దగ్గర నిలబడిన మనిషికి చూడటానికి ఏదో ఒకటి కావాలి. యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. నీలం యూనిఫాం చొక్కాకి పై రెండు గుండీలూ వేరే రంగువి. పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలి ఉంటాయి. నిలబడి నిలబడి పాదాలు వెడల్పయిపోయి, ఆడవాళ్ళ జోళ్ళేవీ పట్టక మొగుడి పాత బూట్లు వేసుకుంటుంది.

ఆ ఉదయం ఆమె బయల్దేరేటప్పటికి మొగుడు ఓస్టింగ్ మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పయ్యేళ్ళపాటు నార మిల్లులో పీల్చిన దుమ్ము ఎనిమిది నెలలుగా అతన్ని వెల్లకిలా పడుకోనివ్వడం లేదు. అల్లం వేసిన జావ నాలుగు చెంచాలు తాగి, అయిదో చెంచాకి మూతి తిప్పుకున్నాడు.

"ఇవాళ ఉండిపోనా?" అంది.

"ఉండి ఏం చేస్తావు, నా అందం చూస్తావా? వెళ్ళు. నువ్వు లేకపోతే ఆ గేటు లేచిపోతుంది."

నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. పక్కింటి చారింగ్ గంటకోసారి వచ్చి చూస్తానంది.

పదింపావుకి భూమి కదిలింది. ముందు జెండా కర్ర గొలుసు గలగలమంది. తర్వాత పెంకులు జారాయి. అరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊగి ఆగింది. బల్లల కింద దూరిన పిల్లలు పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని, నేర్పినట్టే వరసగా మైదానంలోకి వచ్చి కూర్చున్నారు. మూడో తరగతి పిల్లాడొకడికి పెంకు తగిలి నుదురు చిట్లింది. పెద్ద టీచరు వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి బయల్దేరబోతే గేటు ముందు దారి లేదు.

అప్పటికే తల్లిదండ్రులు వచ్చి పడ్డారు. మోటారు బళ్ళు అడ్డదిడ్డంగా వదిలేసి, ఊచలు పట్టుకుని పిల్లల పేర్లు పెట్టి అరుస్తున్నారు. లూమింగ్ ఈల ఊదింది. ఎవరూ వినలేదు. అప్పుడు చేపలమ్మే బెలెన్, మోచేతులకి పొలుసులతోనే గుంపులోంచి ముందుకొచ్చింది.

"ఏవయ్యా, నువ్వు తోస్తే నీ కొడుకు పైనుంచి ఎగిరొస్తాడా? ముందు ఆ బండి తియ్యి. రక్తం కారుతున్న పిల్లాణ్ణి నీ బండి మీంచి దాటించాలా ఏం?"

బళ్ళు జరిగాయి. బెలెన్ తన చేపల పెట్టె తాడు విప్పి గేటు నుంచి కరెంటు స్తంభం దాకా కట్టింది. తాడు వెంబడి వరస నిలిచింది. తన కూతురు లోపలే ఉన్నా తను వరసలో ఆఖరున నిలబడింది.

ఇక లూమింగ్ పని మొదలైంది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే మనిషిని ఇక్కడ సుందో అంటారు. ప్రతి పిల్లకీ ఒక సుందో కార్డు ఉంటుంది. అందులో పేరున్న వాళ్ళకే పిల్లని అప్పగించాలి. ఆమె కార్డు చూసింది, మొహం చూసింది, పిల్లని పిలిచి "ఈయనెవరు?" అని అడిగింది. రెండు వందల పదకొండు సార్లు. ఖాళీ అయిన తరగతి టీచర్లని "మీకూ పిల్లలున్నారు, పొండి" అని తనే పంపేసింది.

పన్నెండయ్యేసరికి మైదానంలో ఒక్క పిల్ల మిగిలింది. రెండో తరగతి రోసబెల్. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. కార్డులో ఉన్నది ఒక్కటే పేరు, అమ్మమ్మ మొగుడిది. ఏటికి అవతల ఉంటాడు. ఫోన్లు పనిచేయడం లేదు.

అప్పుడొచ్చాడు నార్డో, పక్కతొట్టి కట్టిన మోటారు బండి మీద. రోసబెల్‌కి తండ్రి తమ్ముడు. లూమింగ్ వాళ్ళ వీధిలోనే కాపురం. బండి ఆపి కిందికి దిగలేదు.

"అక్కా, చారింగ్ పంపింది. బావకి సుందో వచ్చిందట. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడిందని చెబుతున్నాడట."

ఓస్టింగ్ తల్లి పోయి ఇరవై రెండేళ్ళు. పోబోయే వాళ్ళ కోసం ముందు పోయినవాళ్ళు వస్తారు. వాళ్ళనీ ఆ మాటతోనే పిలుస్తారు. లూమింగ్ గేటు ఊచ పట్టుకుంది.

"ఎక్కు. పిల్లనీ ఎక్కించు. నాలుగు నిమిషాల్లో దింపేస్తా."

"నీ పేరు కార్డులో లేదు."

"నా ముక్కు చూడు, దాని ముక్కు చూడు. ఇంకా కార్డెందుకు? ముసలాయన కోసం చీటీ అంటించి పోదాం."

ఒకప్పుడు అలాగే చీటీ అంటించింది లూమింగ్. పదకొండేళ్ళ కింద, బురద వరద వచ్చిన రోజు. ఎరిగున్న మనిషే కదా అని ఒక పిల్లని పక్కింటి వాళ్ళతో పంపి, గేటుకి చీటీ అంటించింది. వానకి అక్షరాలు కారిపోయాయి. వెనకాలే తల్లి వచ్చింది. తడిసిన కాగితం తప్ప ఏమీ కనిపించలేదు. పిల్లని వెతుక్కుంటూ వరదలోకి దిగింది, తిరిగి రాలేదు. పిల్ల పక్కింట్లో వెచ్చగా నిద్రపోతూనే ఉంది. కార్డులు ఆ తర్వాతే వచ్చాయి. వాటి మీద పేర్లు మొదటి ఏడాది లూమింగే రాసింది, ఒక్కో పేరూ రెండేసి సార్లు చూసుకుని.

"నాకు సాయం చేయాలని ఉందా నార్డో?"

"అందుకేగా వచ్చింది."

"అయితే పోయి ముసలాయన్ని ఎక్కించుకురా."

నార్డో ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు మనిషివా, మేకువా?" అని బండి తిప్పాడు.

గంటైంది. వంతెన మీద, అవతలి హైస్కూలుకి పరిగెత్తిన బళ్ళన్నీ ఇరుక్కున్నాయని దారిన పోయేవాళ్ళు చెప్పారు. లూమింగ్ తన అన్నం డబ్బా విప్పి పిల్ల ముందు పెట్టింది. రోసబెల్ ఎండుచేప ముళ్ళు తీసి డబ్బా మూత మీద వరసగా పేర్చింది.

"మామ్మా, మీ సుందో ఎవరు?"

"నాకెందుకే? నేను నడిచిపోతాను."

"భయం వెయ్యదా?"

భూమి మళ్ళీ ఒకసారి సన్నగా వణికింది. పిల్ల చటుక్కున సంచి నెత్తిన పెట్టుకుంది. లూమింగ్ దాన్ని దగ్గరికి లాక్కుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. రెండుసార్లు లేచి వీధి మలుపుదాకా నాలుగడుగులు వేసి, వెనక్కి చూసి, తిరిగి వచ్చింది.

రెండు కావస్తుండగా ముసలాయన నడిచే వచ్చాడు. నార్డో బండి వంతెన మీదే చిక్కుకుపోయిందట. లుంగీ ఏటి నీళ్ళకి మోకాళ్ళ దాకా తడిసింది. లోపలి జేబులోంచి కార్డు తీసి, ఆమె అడక్కముందే చాచాడు.

"ఇక్కడే ఉంటుందని తెలుసు. అందుకే పరిగెత్తలేదు తల్లీ. పరిగెత్తితే పడిపోదును," అన్నాడు.

లూమింగ్ కార్డు చూసింది. మొహం చూసింది. "ఈయనెవరే?" అని పిల్లని అడిగింది.

"మా తాత."

గేటుకి తాళం వేసి నడిచింది. నడక పరుగైంది. మొగుడి బూట్లు మడమల దగ్గర జారుతుంటే విప్పి చేత్తో పట్టుకుంది.

ఇంటి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఆమెని చూసి పక్కకి తప్పుకున్నారు. భూమి కదిలినప్పుడు ఓస్టింగ్‌ని ఎత్తుకొచ్చి వాకిట్లో వెదురు బల్ల మీద కూర్చోబెట్టారట. ఇప్పుడు లోపలికి చేర్చారు. చారింగ్ అతని జుట్టు తడిపి దువ్వింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఎంతసేపైంది?"

"ఒంటిగంట దాటాక," అంది చారింగ్. "బాధపడలేదే. నిన్ను పిలవమని కూడా అనలేదు. బడి వదిలారా అని అడిగాడు, అంతే. ఇంకా లేదన్నాను. సరేలే, వదిలాక వస్తుంది అన్నాడు."

లూమింగ్ చేతిలోని బూట్లు నేల మీద పెట్టింది. అతని పక్కన కూర్చుని చొక్కా మెడ సరిచేసింది. ఎవరో ఫాదర్‌కి కబురు పెడుతున్నారు. ఎవరో నీళ్ళు కాస్తున్నారు. తలుపులోంచి వాకిలి కనిపిస్తోంది.

అతని మొహానికి ఎండ తగలకుండా బల్ల కోడుకి కట్టిన నల్ల గొడుగు ఇంకా విప్పే ఉంది. దాని నీడ బల్ల మీంచి జరిగి, ఒట్టి నేల మీద పడుతోంది.