దారి లేదన్న హృదయము

ఆషాఢప్రభాతమున కజ్జలసంకాశములైన మేఘములు విశాఖసాగరముమీదికి వంగియుండగా ఫేనమాలికాలంకృతములైన తరంగములు తీరశిలలను బాది వెనుకకు మరలి మరల బాదుచుండగా కొండవాలుననున్న యొక వైద్యాలయమునందు శస్త్రవైద్యురాలగు హైమవతి తన గురువును విభాగాధిపతియు నగు సోమయాజులుగారి యెదుట నిలిచి వాదించుచుండెను. భీమునిపట్నపు జాలరిపేటనుండి వచ్చిన నూకరత్నమను యువతి పుట్టుకతోడనే వికృతమైన హృదయమును మోయుచు నాలుగడుగులు వేసినంతనే నీలివారిన పెదవులతో కూలబడుచుండెను. ఆమె గుండెనుండి వెలువడు మహాధమనులు రెండును కుడిగదినుండియే మొలచినవి. ఎడమగదిలోని శుద్ధరక్తమునకు నడిమిగోడలోని రంధ్రమొక్కటియే వాకిలి.

"ఆ రంధ్రం నుంచి ఒంటికి రక్తం పంపే ధమని దాకా లోపల సొరంగం కట్టాలి. మధ్యలో కవాటం అడ్డం. దారి లేదమ్మా. కోస్తే మన చేతులతో చంపినట్టే" అని సోమయాజులుగారు పలికిరి.

"లేదంటే, ఎక్కడ లేదో వేలు పెట్టి చూపించండి" అని హైమవతి యొక చరవాణిని ఆయన చేతిలో బెట్టి వేరొకటి తాను బట్టి మూడవదానిని చక్రముల కుర్చీలోనున్న నూకరత్నమున కందిచ్చెను.

"రోగికెందుకు? భయపడుతుంది."

నూకరత్నము ఒగర్చుచునే తలయెత్తెను. "నా గుండి నాకు సూపించకపోతే ఇంకెవులికి సూపిస్తారు బాబూ?"

అంతట నూకరత్నము దేహమును యంత్రములతో తీసిన చిత్రములనుండి నిర్మితమైన గుమ్మడికాయంత రక్తవర్ణహృదయము శూన్యమైన బల్లపై తేలుచు మూడు చరవాణుల తెరలలోను ఒక్కచోటనే ప్రత్యక్షమయ్యెను. ఎవరు నిలిచిన దిక్కునుండి వారికి ఆ దిక్కే కనబడుచుండెను. ఒకరు వ్రేలితో గీసిన గీత తక్కినవారికిని తోచుచుండెను.

"అక్కడే నిలబడితే కవాటమే కనిపిస్తుందండి. ఇటొచ్చి కిందినుంచి చూడండి."

వృద్ధుడగు గురువు మోకాళ్లు నొచ్చుచుండ వంగి చూచెను. కవాటపు మడత వెనుక సన్నని సందొకటి రంధ్రమునుండి ధమనివఱకు సాగియుండెను. హైమవతి దానివెంట గీత గీచెను. ఆయన ఆ గీతలో నొక మలుపును తన వ్రేలితో దిద్దెను. "ఇక్కడ సూటిగా పోకు. ఒదిగి పో." పిమ్మట నూకరత్నమువంక తిరిగి "అయినా ప్రాణానికి హామీ లేదు తల్లీ" యనెను.

"ఇలాగుంటే మాత్రం ఉందేటి? కోసీండి."

శస్త్రశాలలో గుండెను నిలిపి తెఱచినంతనే చిత్రమున కానరాని కవాటమును పట్టియుంచు తంతువొకటి సరిగా ఆ మార్గమునకే అడ్డముగా నుండెను. "వెనక్కి వచ్చేద్దామా?" యని ప్రక్కనున్న గురువు మెల్లగా నడిగెను.

"రానండి" యని యామె తంతువును మొదలంట విడదీసి సొరంగమును కుట్టి ఆ సొరంగపుగోడకే తంతువును మరల బంధించెను. రక్తము మరల లోనికి విడువబడిన పిదప నా హృదయము వణకి తడబడి ఆగినట్లే యాగి తుదకు తనంతట తాను కొట్టుకొనసాగెను. ముసుగుచాటున హైమవతి కన్నులు చెమర్చెను.

కొన్నివారములకు నూకరత్నము పరిచారిక చేతిని విదలించుకొని వైద్యాలయసోపానముల నొక్కొక్కటిగా నధిరోహించి గులాబివర్ణపు పెదవులతో రొప్పుచు మేడపై నిలిచి, తన్ను జూడవచ్చిన హైమవతిని గాంచి యిట్లడిగెను:

"ఇంకా పైకి మెట్లు నేవేటి, డాట్రమ్మా?"