ఎడమ పక్కే అరిగిన టైరు

గోడల మీద ఎవరో మామిడిపండు, ఏనుగు, గొడుగు బొమ్మలు వేసి పెట్టారు, వీరాచారి వాటిని చూసి ఇది తన మెకానిక్ షెడ్డా లేక కళావతి పనిచేసిన అంగన్‌వాడీ కేంద్రమా అని కాసేపు తికమకపడి, రెండూ ఒకటే అయివుంటాయిలే అని సరిపెట్టుకుని, మళ్లీ తన బండి వెనక చక్రం ముందు గొంతుకూర్చుంటాడు. నేల మీద పానాల మధ్య పసిపిల్లల స్టీలు గ్లాసులు వరసగా ఉన్నాయి. పొద్దున పదిగంటల ఎండ కిటికీ లేని వైపు నుంచి కూడా ధారాళంగా వస్తోంది. ఆ ఎండలో టైరు కుడి పక్క గీతలు నిన్న కొన్నట్టు నిక్కచ్చిగా కనిపిస్తున్నాయి, ఎడమ పక్క మాత్రం నున్నగా బోడిగుండు.

"మల్ల అదేనా?" అంటుంది వెనక నుంచి కళావతి.

ఆమె అతని భార్య. పోయి పద్నాలుగు నెలలైంది. ఆ సంగతి వీరాచారికి బాగానే తెలుసు, కానీ పిల్లలకు పెట్టే కోడిగుడ్ల అట్టను రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డ మనిషితో నువ్వు పోయావు కదా అనడం ఏం మర్యాద అని ఊరుకుంటాడు. అసలు ఆ మాట అనాలని కూడా లేదు అతనికి, అంత సంతోషంగా ఉంది.

"అదే," అంటాడు. "నువ్వు పోయినంక ఇది మూడో టైరు. చెయిన్ జూసిన, బేరింగులు మార్చిన, రిమ్ము తిప్పి జూసిన, ముందు చక్రం నుంచి ఎనక చక్రం దాక దారం వట్టి జూసిన. అన్ని సక్కగనే ఉన్నయ్. అరుగుడు మాత్రం ఎడమదిక్కే."

"వేరేటోళ్లకు సూపియ్యకపోయినవా?"

"కొంటనన్న రాజేశం నడిపి జూసిండు. బండి బంగారం లెక్క పోతాంది, నీకేమయిందన్నడు. రేపొద్దుగాల ఆయనకే ఇచ్చేస్తున్న."

జమ్మికుంటలో ముప్పై ఏళ్లుగా మెకానిక్ అతను, వీధి చివర బండి మలుపు తిరుగుతుంటేనే దాని జబ్బేమిటో చెప్పగలడని పేరు. అలాంటివాడికి సొంత బండి టైరు అంతుపట్టకపోతే చాయ్ బండి దగ్గర నలుగురూ ఊరుకుంటారా, ఆటపట్టించారు. నవ్వులు భరించవచ్చు. కానీ ఇరవై రెండేళ్లు ప్రతి పొద్దునా కళావతిని వెనక కూర్చోబెట్టుకుని ఎనిమిది కిలోమీటర్ల అవతలి కేంద్రానికి దింపిన బండి అది, ఆమె పోయాక అదికూడా తనకు ఎదురుతిరిగినట్టుగా ఉంది. దాన్ని అమ్మడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు. ఆ బోడి టైరును రోజూ చూడటం అంతకంటే కష్టంగా ఉంది.

"అమ్ముతవా?" అంటుంది కళావతి. "నాకు నేర్పుతనన్న డ్రైవింగు నేర్పకుండనే?"

వీరాచారి తల వంచుకుంటాడు. ఐతారం నేర్పుతా అని పెళ్లయిన కొత్తలో అన్నాడు, ఆ ఐతారం మరి రాలేదు.

"గట్ల మొకం ఏలాడేసుడెందుకు, ఇయ్యాల ఐతారమే," అని ఆమె గుడ్ల అట్ట తెచ్చి అతని చేతుల్లో పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, ఇన్నేళ్లూ దీన్ని తనే నడిపినట్టు ముందు సీటెక్కి కూర్చుంటుంది. వీరాచారికి ఇక దారిలేక వెనక ఎక్కాలి, చేతుల్లో ముప్పై గుడ్లు, అందుకని ఆమె ఎలా కూర్చునేదో అలాగే రెండు కాళ్లూ ఎడమ పక్కకు వేసి, అట్ట ఒళ్లో పెట్టుకుని, సిగ్గుపడుతూ కూర్చుంటాడు. షెడ్డు నేల మెల్లగా తారురోడ్డు అవుతుంది, రోడ్డు పత్తి మార్కెట్టులోకి దూరి తెల్లటి పత్తి గుట్టల మధ్య నుంచి కాలువ గట్టు మీదికి ఎక్కుతుంది, గట్టు పొడుగునా పసిపిల్లలు పలకలు పట్టుకుని వరసగా కూర్చుని "టీచరమ్మా" అని కేకలేస్తున్నారు, కళావతి గేరు మార్చకుండా, బ్రేకు తొక్కకుండా, హారన్ మాత్రం అక్కర ఉన్నా లేకపోయినా కొడుతూ పోతోంది. ఒక్క గుడ్డు కూడా కదలడం లేదు. వీరాచారికి చిన్నపిల్లాడిలా నవ్వొస్తోంది.

అప్పుడు గమనిస్తాడు. ఆమె సీటు మధ్యలో కూర్చోలేదు, నడుము బెత్తెడు కుడికి జరిగి ఉంది.

"ఎందుకట్ల ఒరిగినవ్?"

"నువ్వు కూసునేది గిట్లనే గదా," అంటుంది వెనక్కి తిరగకుండా. "నేను ఎడమదిక్కు కూసుంటి, నా బరువుకు బండి ఒరగకుండ నువ్వు కుడికి జరిగేటోడివి. గుడ్లు పలగకుండ తీస్కపోయినవంటే అందుకే. ఎనక కూసోని ఇరువై రెండేండ్లు అదే సూసిన. నీకెర్కలేదా?"

అతనికి నిజంగానే తెలియదు. తన వీపు తనకెప్పుడు కనబడింది.

"ఇగ దిగు," అంటుంది ఆమె. "దిగి సూడు."

వీరాచారి గుడ్లతో సహా దిగుతాడు. కాలువ గట్టు విశాలమైన మైదానం అయిపోతుంది, కళావతి అతని చుట్టూ బండి తిప్పుతుంది, నడుము అలాగే కుడికి ఉంది, వెనక ఎవరూ లేరు. మోయడానికి బరువేమీ లేని ఆ ఒరుగుకు తూకంగా బండి మొత్తం ఎడమకు వాలి నడుస్తోంది. దుమ్ము చక్రం ఎడమ అంచుకు మాత్రమే అంటుకుంటోంది, కుడి అంచు నేలకు తగలడమే లేదు. అతనిలోని మెకానిక్ ఒక్కసారిగా లేచి కూర్చుంటాడు.

"ఆపు కళా, ఆపు. దొరికింది."

ఆమె ఆపుతుంది. అతనికి ఏడుపు రావాల్సిన చోట నవ్వు వస్తోంది, నవ్వుతుంటే ఒళ్లంతా ఊగుతోంది, గుడ్లు మాత్రం నిమ్మళంగా ఉన్నాయి.

"బండిల ఏం లేదు," అంటాడు.

"బండిల ఏముంటది. నేను దిగి ఏడాది దాటింది. నువ్వింక నా బరువుకు ఒరుగుకుంటనే పోతున్నవ్. నడుమకు జరుగు."

వీరాచారి నవ్వు ఆగిపోతుంది. జరగడం ఎంతసేపు, కానీ జరగబుద్ధి కావడం లేదు. "నడుమకు జరిగితే మల్ల నువ్వెట్ల కూసుంటవ్?"

కళావతి ఇందుకోసమే ఇంతసేపూ కాచుకున్నట్టు చూస్తుంది. "కాలేజీ పోరగాండ్లు కూసున్నట్టు రెండుదిక్కుల కాళ్లేసి కూసోవాలని నాకెంత పాణముండె. ఊరోళ్లు ఏమంటరో అని ఒక్కనాడన్న కూసోకపోతి. ఈసారి గట్లనే కూసుంట, సక్కగ నడుమల. అప్పుడు నువ్వు కుడికి ఒరిగినవనుకో, ఈపుల గుద్దుత."

అని గుడ్ల అట్ట తీసుకుంటుంది. స్టీలు గ్లాసులన్నీ ఒకదానికొకటి తగిలి గలగలా మోగుతాయి, ఆగకుండా మోగుతూనే ఉంటాయి, చివరికి అది తలగడ పక్కనున్న ఫోను మోత అని వీరాచారికి తెలుస్తుంది.

బారెడు పొద్దెక్కింది. ఫోనులో రాజేశం, బయలుదేరుతున్నానన్నాడు.

"రాకు," అన్నాడు వీరాచారి. "తప్పు దొరికింది. బండి అమ్మను."

"ఏం తప్పుండె? నేను నడిపితే మంచిగనే పాయె గదా."

"నువ్వు నడిపితే మంచిగనే పోతది," అని ఫోను పెట్టేశాడు.

పెట్టేశాక కొంచెం భయం వేసింది. కల మీద భరోసాతో వచ్చే బేరాన్ని తోసేసినవాణ్ని ఏమంటారు? లేచి, కిటికీ ముందు దండెం మీద ఆరేసి ఉన్న ఖాకీ ప్యాంటును తొడుక్కుందామని అందుకున్నాడు. చేతిలో ఎత్తి పట్టుకోగానే పొద్దు దాని మీద పడింది. కూర్చునే చోట కుడి పక్క గుడ్డ అరిగి జల్లెడైపోయి వెలుతురు ఇవతలికి వస్తోంది. ఎడమ పక్క ఇంకా కొత్తగానే ఉంది.