బాప్తిస్మపు పటం

ఆదివారం గుడి నుంచి రాగానే దయానందం చొక్కా కూడా మార్చుకోకుండా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరగడం మొదలుపెట్టాడు. సెవెరో మోంతెస్ ఒంటిగంటకి భోజనానికి వస్తానన్నాడు. మెక్సికో దేశం తరఫున ముప్పై పైచిలుకు ఫుట్‌బాల్ ఆటలాడిన మనిషి, మైదానం నడిమధ్య నిలబడి ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ బంతి అందించిన మనిషి, ఆస్ట్రేలియాలో ఈ గిరావీన్ పేటలో తన అద్దె కొంపకి చేపల పులుసు తినడానికి రావడమంటే మాటలా! ఇప్పుడాయన మోకాలు పాడై ఆట మానేశాడు. ఆస్ట్రేలియా అమ్మాయిని పెళ్ళాడి ఇక్కడే స్థిరపడ్డాడు. వారమంతా రొట్టెల వ్యాను తోలుకుంటూ, పేటలోని పద్నాలుగేళ్ళ లోపు పిల్లల జట్టుకి పైసా పుచ్చుకోకుండా ఆట నేర్పుతున్నాడు.

ఆ జట్టుకి ప్రాణం గిడియన్, దయానందం కొడుకు. నిన్నటి సెమీ ఫైనల్లో రెండు గోల్సూ వాడివే. వచ్చే శనివారం ఫైనల్.

"ఏం పెట్టి పెంచుతున్నావయ్యా వీణ్ణి?" అని తక్కిన తండ్రులు అడిగినప్పుడల్లా దయానందం మీసం దువ్వుకుని "రైస్ అండ్ ఫిష్ కర్రీ" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. విరామంలో పిల్లలకి కమలాపళ్ళు ముక్కలు కోసి అందించే పని కూడా అతను కోరి నెత్తిన వేసుకున్నదే. ఆసుపత్రిలో వారమంతా మంచాలు తోసే మనిషికి, శనివారం పొద్దున ఆ గ్రౌండులో గిడియన్ తండ్రిగా నిలబడడం ఎంతో బాగుండేది.

సెవెరో వచ్చాడు. కాళ్ళు కొంచెం దొడ్డి, మాట మెత్తన. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. దయానందం భార్య మరియరాణి అన్నం వడ్డించింది. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"మా వాళ్ళూ కారం తింటారు, కానీ ఇంత వేసే ధైర్యం లేదు," అన్నాడాయన, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

"అంకుల్, మీ వరల్డ్ కప్ ఫొటో ఉందా?" అని గిడియన్ అడిగాడు. మొన్నటిదాకా కోచ్ అని పిలిచేవాడు, ఇంటికొచ్చేసరికి అంకుల్ చేశాడు.

"లేదు."

"ఎందుకు లేదు?"

సెవెరో పళ్ళెంలో అన్నాన్ని ఒక పక్కకి జరిపాడు. "ఎనభైయారులో మా దేశంలోనే జరిగింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఒక్క నిమిషం కూడా దిగలేదు. సరే, వచ్చేసారి నాది అనుకున్నాను. తొంభైలో ఇటలీ. నాకు ఇరవై తొమ్మిది. మధ్యలో ఆడేవాడికి అదే మంచి వయసు, కాలూ పనిచేస్తుంది, బుర్రా పనిచేస్తుంది."

"మరి?"

"మా పెద్దలు కుర్రాళ్ళ పోటీకి వయసు మించినవాళ్ళని, కాగితాలు మార్చి పంపించారు. బయటపడింది. దేశం మొత్తాన్నీ రెండేళ్ళు పోటీల నుంచి వెలివేశారు. ఆ కాగితాలు నేను రాయలేదు, నా వయసు నిజమైనదే. ఇటలీ ఆటలు మా అత్తగారింట్లో టీవీలో చూశాను. తర్వాతి సంవత్సరం మోకాలు పోయింది."

పులుసు వెయ్యబోయిన దయానందం గరిటెని మళ్ళీ గిన్నెలోనే పెట్టేశాడు. ఎందుకంటే సెవెరో కూర్చున్నచోటికి ఎదుటి గోడకి, యేసు ప్రభువు పటం పక్కన గిడియన్ బాప్తిస్మపు కాగితం అద్దం కట్టి వేలాడుతోంది. రేపల్లె దగ్గర వాళ్ళ ఊరి గుడిలో ఇచ్చినది. మరియరాణి దాన్ని చీరల మధ్య చుట్టి విమానంలో తెచ్చుకుంది. అక్షరాలు తెలుగే గాని అంకెలు ఎవరికైనా తెలిసేవే. జననం 12-9-1978.

పాస్‌పోర్టులో మాత్రం 1-7-1980.

వాళ్ళ ఊళ్ళో అదొక తప్పని ఎవరూ అనుకోలేదు. బళ్ళో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు రామ్మోహన్ గారు తలెత్తకుండానే "రెండేళ్ళు తగ్గిద్దామోయ్, రేపు ఉద్యోగం రెండేళ్ళు ఎక్కువ చేసుకుంటాడు" అని రాసేశారు. ఆ బళ్ళో సగంమంది పుట్టింది జూలై ఒకటినే. దయానందం వయసు కూడా అలాగే మూడేళ్ళు తగ్గింది. బడికి చెప్పే తేదీ వేరు, పాస్టరు గారికి చెప్పే తేదీ వేరు. దేవుడి పుస్తకంలో అబద్ధం రాయించడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

కానీ ఇక్కడ క్లబ్బు వాళ్ళు పుట్టిన తేదీ అడిగినప్పుడు, ఆ గడి మీద అతని కలం ఆగింది. ఎంతసేపు ఆగిందో అతనికి బాగా గుర్తు. ఊళ్ళోది హెడ్‌మాస్టరు రాసిన తేదీ. ఇక్కడ అదే తేదీ అతని చేత్తో రాసింది.

పళ్ళెంలోంచి తలెత్తితే సెవెరో కంట పడుతుంది. దయానందం పులుసు గిన్నె పట్టుకుని పోయి ఆ పటానికి అడ్డంగా గోడకానుకుని నిలబడ్డాడు.

"అక్కడ నిలబడ్డారేంటండీ? వచ్చి కూర్చోండి, ఆయన ఒక్కడే తింటన్నాడు," అంది మరియరాణి తెలుగులో.

"నువ్వుండవే."

"మీరు తినరా?" అని సెవెరో అడిగాడు.

"మా ఆచారం," అన్నాడు దయానందం. "అతిథి తినేదాకా ఇంటాయన నిలబడాలి."

మరియరాణి నోరు తెరిచింది. పదిహేడేళ్ళ కాపురంలో ఆ ఆచారం సంగతి ఆమెకి తెలియదు మరి. గిడియన్ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. వాడికి తండ్రి వెనక ఏముందో తెలుసు.

సెవెరో ముఖం మాత్రం వెలిగింది. "మా అమ్మమ్మ కూడా ఇలాగే నిలబడేది," అన్నాడు. పళ్ళెం చేత్తో పట్టుకుని కుర్చీలోంచి లేచాడు. దెబ్బతిన్న మోకాలు మీద బరువు పడి కాస్త తూలాడు. "అయితే నేను కూడా నిలబడే తింటాను. మీరు నిలబడితే నేను కూర్చోవడం బాగుండదు."

అలా నిలబడే తిన్నాడు. అరగంట నిలబడితే వాచిపోయే మోకాలది, జట్టులో అందరికీ తెలుసు. దయానందం ఎదురుగా నిలబడి, ఆ మనిషి ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మార్చుకోవడం చూశాడు. ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు. మూడోసారి చూడలేకపోయాడు.

"కూర్చోండి సార్," అన్నాడు. "అలాంటి ఆచారమేం లేదు."

గిన్నె కింద పెట్టి, తిరిగి, పటాన్ని మేకు నుంచి తీసి ఆయన చేతికిచ్చాడు.

సెవెరోకి చెప్పాల్సిన పని లేకపోయింది. బాప్తిస్మపు కాగితాలు వాళ్ళ దేశంలోనూ ఇంటింటికీ ఉంటాయి. వేలు అంకెల మీదికే పోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

"నీకెన్నేళ్ళు?" అన్నాడు గిడియన్‌తో.

"వచ్చే వారానికి ఫిఫ్టీన్."

ఆయన అరవలేదు. అరిస్తే దయానందానికి కొంచెం తేలికయ్యేది. పటాన్ని బల్ల మీద బోర్లా కాకుండా, అంకెలు పైకి కనిపించేలా పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. "భోజనం బాగుందమ్మా," అని మరియరాణికి చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"వీడు ఆడిన ఆటలన్నీ కొట్టేస్తారు. ఫైనల్ ఉండదు."

"తెలుసు సార్. ఫారం కింద రాసుంది."

"క్లబ్బుకి రేపు నేను చెప్తాను. పిల్లలకి మాత్రం మంగళవారం మీరే చెప్పాలి. మాకప్పుడు ఎవరూ వచ్చి చెప్పలేదు. పేపర్లో చదువుకున్నాం."

ఆయన వెళ్ళాక గిడియన్ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. "నేను అప్పుడే చెప్పాను డాడీ," అని లోపలి నుంచి ఒక్కమాట అన్నాడు. నిజమే, ఫారం నింపిన రోజే తప్పు తేదీ వద్దని వాడు చెప్పాడు. అప్పుడు దయానందం "నీకేం తెలుసురా, నోరుమూసుకో" అన్నాడు.

మంగళవారం సాయంత్రం ప్రాక్టీసుకి పళ్ళ అవసరం లేదు. అయినా చేతులేం చేసుకోవాలో తెలియక దయానందం కమలాపళ్ళు కోసి డబ్బాలో సర్దుకున్నాడు. సెవెరో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి తను వెనక్కి జరిగాడు. ఏతాన్ అనే బక్కపిల్లాడు, జట్టులో అందరికన్నా పొట్టివాడు, కొత్త బూట్లు వేసుకొచ్చాడు. ఫైనల్ కోసం కొనిపించుకున్నాడట. వాటిని గడ్డికి తుడుచుకుంటూ తలెత్తి నవ్వాడు.

"అంకుల్, ఆరెంజెస్ ఈరోజు కూడానా?"

డబ్బా మూత తీయడానికి దయానందానికి చేతులు రాలేదు. గిడియన్ తండ్రిగా ఇన్నాళ్ళూ తిరిగిన గ్రౌండులోనే, మొదటిసారి నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"మా వాడి వయసు నేను తప్పు రాశాను."