బెల్జియం మేడమ్‌కు ఒక వాయిస్ మెసేజ్

నాగభూషణరావుకు రెండు విషయాల్లో తన మీద తనకు గొప్ప నమ్మకం. ఒకటి ఉపన్యాసం, రెండోది ఇంగ్లీషు. మొదటిదాన్ని జనం ఒప్పుకున్నారు. రెండోదాని గురించి, మర్యాదస్తులు కాబట్టి, ఎదురుగా ఏమీ అనలేదు.

కాపురం గుడివాడలో. రొయ్యల చెరువులు మాత్రం దివిసీమలో, నాగాయలంక దాటాక ఒక కాలవ గట్టున. ఆ కాలవ కింది రైతులందరికీ కలిపి ఒక సంఘం ఉంది. ఏ చెరువుకు ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎవరి తూము ఎప్పుడు ఎత్తాలో ఆ సంఘమే చెప్పాలి. దానికి చాలాకాలంగా ఆయనే అధ్యక్షుడు. ఎన్నిక అంటే ఎవరో ఒకరు ఆయన పేరు చెప్పడం, మిగతావాళ్లు చప్పట్లు కొట్టడం, అందరూ కలిసి చేపల పులుసుతో భోంచేయడం. ఈసారి శ్యాంబాబు పోటీకి దిగాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా చిన్నప్పటినుంచీ 'మావయ్యా' అని పిలిచే కుర్రాడు. అలా పిలుస్తూనే ఇంటింటికీ తిరిగి ఓట్లడిగాడు.

అంతకంటే పెద్ద నేరం ఇంకోటి చేశాడు. ఆ ఏడు అందరి చెరువుల్లోనూ తెగులు తగిలితే, శ్యాంబాబు రొయ్య మాత్రం దిట్టంగా పెరిగింది. నిషేధించిన మందేదో చల్లుతున్నాడని నాగభూషణరావు తేల్చేశాడు. ఆధారం ఏమీ లేదు. ఉండాలని గట్టిగా కోరిక ఉంది.

ఇక్కడి అధికారులతో పరీక్ష చేయించవచ్చు. కానీ వాళ్లు చూసి, అంతా బాగుందని చెబితే? అదే ఒక విదేశీ మనిషి వచ్చి చెరువు గట్టున నిలబడితే చాలు, ఆ తర్వాత ఏం తేలినా తేలకపోయినా శ్యాంబాబు పని అయిపోయినట్టే. బందరులో రొయ్యలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి సరుకు కొనే బెల్జియం కంపెనీలో లీసా మేడమ్ అని ఒకావిడ ఉంది. నాణ్యత చూడటం ఆవిడ పని. కిందటేడు వచ్చినప్పుడు నాగభూషణరావు ఆవిడకు స్వయంగా రొయ్య వలిచి పెట్టి, ఫోన్ నంబరు సంపాదించాడు. ఇప్పుడు మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకుని, విభూతి ఆరకముందే, గుడి బయట కారులో కూర్చుని ఆవిడకు వాయిస్ మెసేజ్ పంపాడు. పంపాక తన ఇంగ్లీషును తానే రెండుసార్లు విని మురిసిపోయాడు.

ఇంటికొచ్చి భార్యతో గొప్పగా చెప్పాడు. దుర్గ పప్పుకు తిరగమోత పెడుతోంది.

"మొన్న బందరు కోనేరు సెంటర్లో మైకు పట్టుకుని ఎవరినండీ మీరు తిట్టింది? ఎక్కడో ఓ దేశం పెద్దాయన, తన పోటీదారుడి గుట్టు తియ్యమని పరాయి దేశాన్ని అడిగాడని?"

"అది దేశం దుర్గా. ఇది రొయ్య."

"రొయ్యకి దేశం ఉండదా?"

"నాయకుడన్నవాడికి నిజం కావాలి. అది ఎక్కణ్నుంచొస్తే ఏంటి?"

"నిజమే కావాలంటే మీ చెరువు కూడా చూడమని చెప్పుండాల్సింది. చెప్పారా?"

తిరగమోత ఘాటుకు ఆయనకు పొలమారింది. అదృష్టం, దగ్గు వచ్చినవాణ్ని ఎవరూ జవాబు అడగరు.

లీసా మేడమ్ మనిషి మంచిదే. ఆ మంచితనమే కొంప ముంచింది. ఒక్క చెరువును వేరు చేసి అనుమానించడం న్యాయం కాదని, పరీక్షలు పూర్తయ్యేదాకా ఆ కాలవ కింద ఒక్క రొయ్య కూడా కొనవద్దని ప్లాంటుకు చెప్పింది. రొయ్య పట్టుబడికి వచ్చి ఉంది. పట్టకపోతే రోజూ మేత వేయాలి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిప్పాలి. సంగతి తెలిసిన చిల్లర వ్యాపారులు సగం ధర చెప్పారు. నాగభూషణరావు రొయ్య కూడా అందరి రొయ్యతో పాటే చెరువులో ఉండి మేత మేస్తూ ఆయన తెలివిని తింటోంది.

మేడమ్ వచ్చింది. ప్రతి చెరువులోనూ నీళ్లు తీసుకుంది, రొయ్యలు తీసుకుంది. జకరయ్య చెరువు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. జకరయ్య ఎన్నో ఏళ్లు ఇతరుల చెరువుల మీద కూలికి చేసి, ఇప్పుడు అప్పుచేసి ఒక చిన్న చెరువు కౌలుకు పట్టాడు. బందరులో నర్సుగా చేస్తున్న అతని కూతురు ఏంజెల్ ఆ రోజు సెలవు మీద వచ్చింది. మేడమ్‌కు కొబ్బరిబోండాం ఇచ్చింది, ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడింది, ఇద్దరూ ఫొటో దిగారు.

అంతే. ఫిర్యాదు చేసింది ఎవరో కాలవంతటికీ తెలిసిపోయింది.

"వాళ్ల చర్చికి దొరలు వస్తా పోతా ఉంటారు కదండీ. ఆ దారులన్నీ వాళ్లకే తెలుసు" అన్నారు.

"మా చర్చికి దొర వచ్చింది నా చిన్నప్పుడండీ. బిస్కెట్ ఇచ్చి వెళ్లిపోయాడు" అన్నాడు జకరయ్య. ఎవరూ వినలేదు.

ఆ మాట తన దాకా వచ్చినప్పుడు నాగభూషణరావు గుండె తేలికపడింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ 'హమ్మయ్య' తలుచుకున్నప్పుడల్లా ఆ తర్వాత ఆయనకు ఒళ్లు మండేది, తన మీదే.

పరీక్షల్లో ఏ చెరువులోనూ ఏ తప్పూ తేలలేదు. కానీ జరిగిన నష్టం జరిగిపోయింది. ఎన్నిక రోజున నాగాయలంకలో సంఘం షెడ్డు నిండా కోపంగా ఉన్న మనుషులు. ఎన్నిక కంటే ముందు జకరయ్య తూము మూసేయాలన్నారు. ఆ ఎండల్లో కొత్త నీళ్లు అందకపోతే చెరువులో రొయ్య బతకదు, రొయ్య పోతే జకరయ్య అప్పు తీరదు. అధ్యక్షుడిగా చేతులెత్తమని చెప్పాల్సింది నాగభూషణరావే. జకరయ్య భుజం మీద తువ్వాలు చేత్తో పట్టుకుని, కూతురి పక్కన నిలబడి ఉన్నాడు.

నాగభూషణరావు మైకు అందుకున్నాడు.

"అతను కాదు. ఆ మేడమ్‌ని పిలిచింది నేను."

షెడ్డంతా చప్పట్లు.

"అధ్యక్షుడంటే ఇలా ఉండాలండీ! ఒక పేదోడి కోసం నింద నెత్తినేసుకున్నారు!"

"నిజంగా నేనేనయ్యా!"

"మీ ఇంగ్లీషుతో బెల్జియంతో మాట్లాడారా బాబాయ్?" ఎవరో అన్నారు. షెడ్డంతా నవ్వింది. "ఇంక ఎన్నిక దేనికి, ఏకగ్రీవం చేసేయండి. ఆ తూము సంగతి మేం చూసుకుంటాం."

ఆయన జీవితంలో మొదటిసారి నిజాయితీగా చేసిన ఉపన్యాసం ఆయనకు పదవి తెచ్చిపెట్టింది, జకరయ్యకు మాత్రం చుక్క నీరు తేలేదు.

ముందు వరసలోంచి శ్యాంబాబు లేచాడు. "నేను నమ్ముతున్నాను మావయ్యా. మీరు చేసే ఉంటారు."

నాగభూషణరావుకు ఆ కుర్రాడి మీద ఎక్కడలేని కృతజ్ఞత కలిగింది. ఇంతమందిలో తనను సరిగ్గా అంచనా వేసింది తను ముంచాలనుకున్నవాడొక్కడే. జేబులోంచి ఫోను తీశాడు. ఇప్పుడైనా మళ్లీ జేబులో పెట్టుకోవచ్చు. ఎవరూ అడగలేదు. జకరయ్య కూడా ఆయన వైపు చూడటం లేదు, బయట కాలవ వైపు చూస్తున్నాడు. ఆ చూపు భరించలేక నాగభూషణరావు ఫోను మైకు దగ్గర పెట్టి నొక్కాడు.

"గుడ్ మార్నింగ్ మేడమ్. ఐ యామ్ నాగభూషణరావు, ప్రెసిడెంట్. వన్ శ్యాంబాబు ఈజ్ దేర్. వెరీ డేంజర్ ఫెలో. హిజ్ ప్రాన్ ఈజ్ టూ మచ్ హెల్దీ..."

జనం పడీపడీ నవ్వారు. శ్యాంబాబు కూడా నవ్వాడు. మెసేజ్ ఇంకా అయిపోలేదు.

"డోంట్ ఆస్క్ అవర్ పీపుల్ మేడమ్. అవర్ పీపుల్ ఆల్ లయర్స్. ఓన్లీ ఫారిన్ పీపుల్ టెల్ ట్రూత్."

ముందు వరసల్లో నవ్వు ఆగిపోయింది. వెనకవాళ్లకు అర్థం కాలేదు. "ఏమంటున్నారమ్మా?" అని ఏంజెల్‌ని అడిగారు. ఆ అమ్మాయి మైకు దగ్గరకు వచ్చి, రోగికి మందులు చెప్పినంత నిదానంగా చెప్పింది.

"మనవాళ్లను అడగొద్దంట. మనవాళ్లందరూ అబద్ధాలకోర్లంట. విదేశాలవాళ్లే నిజం చెబుతారంట."

తన ఇంగ్లీషులో అది అంత ఘోరంగా అనిపించలేదు ఆయనకు. శుభ్రమైన తెలుగులో విన్నాక తల ఎత్తలేకపోయాడు. జనం ఎన్నికకు చేతులెత్తారు, శ్యాంబాబు గెలిచాడు. భోజనానికి కూర్చునేటప్పుడు నాగభూషణరావు పక్క కుర్చీలు ఖాళీగా మిగిలాయి.

జకరయ్య ఆయన దగ్గరకు వచ్చాడు. నాగభూషణరావు లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాడు. లేదా క్షమిస్తాడనుకున్నాడు, మనసులో కొంత ఆశ దాని మీదే ఉంది. రెండింటికీ తగిన జవాబులు సిద్ధం చేసుకున్నాడు, ఎంతైనా ఉపన్యాసకుడు కదా.

"మరి మా తూము మూయరు కదండీ?"

"మూయరు జకరయ్యా. నేను..."

"అయితే వెళ్లొస్తానండీ. ఏరేటర్లు వేసే టైమైంది."

ఏంజెల్ బయట బండి స్టార్టు చేసి ఉంది. జకరయ్య వెనక్కి చూడకుండా వెళ్లి ఎక్కాడు.