ఎవరు విడిచిన తరువాత

అనువాద విభాగంలో ఆమెను అందరూ పంతులమ్మ అనేవారు. ఏనాడూ పాఠం చెప్పింది లేదు. కామా కనిపించకపోతే ఫైలు తిప్పి పంపేస్తుందని ఆ పేరు పెట్టారు. రైల్వే భద్రతా నిబంధనలను సిబ్బంది చదువుకునేలా తెలుగులోకి తేవడం ఆమె ఉద్యోగం.

పట్టాల మీద పనిచేసే మనిషి ఒకడు ఇంజిను కింద పడి చనిపోయాడు. వారం తిరక్కుండానే విచారణాధికారి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది.

"అక్కడెవరో పోతే నిన్నెందుకు పిలవడం? బండి నువ్వేమన్నా నడిపావా?" అంది అక్క, కంచం ముందుకు జరుపుతూ.

"వాక్యం రాశానక్కా."

అక్కకు అర్థం కాలేదు. పంతులమ్మ అన్నం కలుపుకుని తినేసింది. రుచి తెలియలేదు.

విచారణ గదిలో ఒక మూల బెంచీ మీద, ఆ రోజు లైను దగ్గర ఎర్రజెండా పట్టిన మనిషి కూర్చుని ఉన్నాడు. అధికారి ఆమె రాసిన పుస్తకం తెరిచి, గీత గీసిన చోట చదివాడు. "'లైను విడిచిన తరువాత ఎర్రజెండా తీసివేయవలెను.' ఎవరు విడిచిన తరువాతండీ?"

"పనివాళ్లు."

"నేను బండి అనుకున్నా సార్," అన్నాడు జెండా మనిషి. "ముందొచ్చిన బండిని ఆపి, మెల్లగా దాటించాను. అది లైను విడిచింది కదా అని జెండా తీసేశా. పనివాళ్లు మళ్లీ పట్టాల మీదికి దిగారు. ఆ వెనకే ఇంకో ఇంజిను ఆగకుండా వచ్చేసింది."

"పనివాళ్లని రాయలేదేం?" అన్నాడు అధికారి ఆమెతో.

"ఇంగ్లీషు మూలంలోనూ లేదు. ఆ నిబంధనలు పంపిన ఇంజనీరుగారిని అడిగాను. మనవాళ్లకి ఆమాత్రం తెలీదా, కానివ్వండి అన్నారు. కానిచ్చాను."

"అంటే ఇతనే తప్పుగా చదివాడు." అధికారి కలం కాగితం మీద పెట్టాడు. అవునంటే చాలు, ఆమె మీదికి ఏమీ రాదు.

ఆమె ఆ వాక్యం వైపు చూసింది. ఎవరో రాసినట్టుంది.

"లేదండీ. అది రెండు రకాలుగానూ చదవొచ్చు. ఆయన చదివిందీ సరైనదే. అలాగే రాసుకోండి, సంతకం పెడతాను."

వరండాలో జెండా మనిషి వెనకే వచ్చాడు. "అమ్మా, ఆ పోయినవాడికి చదువు రాదు. ఆ పేజీ నేనే చదివి చెప్పా. బండి పోయాక అనే చెప్పా. పదకొండేళ్లు ఒకే క్యారియర్‌లో తిన్నాం."

అతని చొక్కాకు మూడో గుండీ లేదని ఆమె గమనించింది.

అతని ఉద్యోగం పోలేదు. జెండా పట్టనని తనే రాసిచ్చి, రైలు పెట్టెలు కడిగే పనికి వెళ్లిపోయాడు. ఇంజనీరు ఎప్పుడో రిటైరయ్యాడు. ఆయనకు రాసిన ఉత్తరానికి జవాబు లేదు. ఆమె సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు చేరింది. వాక్యం సరిచేయమన్నారు.

ఈసారి ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు. చనిపోయినవాడి ముఠా పనిచేసే చోటికే కాగితం తీసుకుని వెళ్లి, చదివి వినిపించింది. "పనివాళ్లందరూ పనిముట్లతో సహా లైను విడిచిన తరువాతే ఎర్రజెండా తీసివేయాలి."

"విడిచారని ఎవరు చెప్పాలమ్మా?" అన్నాడు ముఠాలో అందరికన్నా పెద్దవాడు. "జెండా వాడు అల్లంత దూరంలో ఉంటాడాయె. వాడికెలా కనపడతాం?"

ఆమెకు ఆ ప్రశ్న తట్టనే లేదు. మోకాలి మీద కాగితం పెట్టుకుని "మేస్త్రీ మనుషులను లెక్కపెట్టి కబురు పంపిన తరువాతే" అని చేర్చింది. మళ్లీ చదివింది. ఒక్కొక్కరినీ ఏమర్థమైందో చెప్పమంది. ఏడుగురూ ఒకటే చెప్పారు.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

ఇంతలో దూరంగా బండి కూత వినిపించింది. అందరూ పారలు తీసుకుని కంకర దిగి పక్కకు వచ్చారు. ఆమె కూడా దిగింది. మేస్త్రీ వేలు చూపుతూ ఏడు దాకా లెక్కపెట్టి, ఒక్క క్షణం ఆగి, ఆమె వైపు చూసి, "ఎనిమిది" అన్నాడు.