గుండీ పెట్టిన వేగుచుక్క

నేను దర్జీని. కాజాలు కుట్టడంలో మంచిర్యాల దాకా నన్ను మించినవాడు లేడని నేనే చెప్పుకుంటాను, ఇంకెవరూ చెప్పరు గనక. అలాంటి నా చేత పక్కింటి సరోజన ఒక బొంతకు కాజాలు కుట్టించింది. అరవై మూడు కాజాలు, గుండీ ఒక్కటీ లేదు.

ఆమె పెనిమిటి మొగిలి జైనూర్ దిక్కు మనిషి. పుట్టినప్పటి నుంచి వాకిట్లో నులకమంచం మీద, ఆకాశం కింద పడుకున్నవాడు. మా కాలనీకి వచ్చి బొగ్గుబావిలో చేరాక రాత్రి షిఫ్టు పడింది. పొద్దున ఇంటికొచ్చి రేకుల కింద నడుం వాలుస్తాడు, కన్ను మూతపడదు.

"చుక్కలు కనబడకుంటే నిద్ర పడ్తలేదు, వాహెద్ భాయ్," అన్నాడొకసారి.

"కండ్లు మూసుకున్నంక చుక్కలేంది, రేకులేంది?" అన్నాను. నాకు తిక్క మాటలంటే పడదు.

ఇంట్లో పట్టని నిద్ర మొగిలికి బావిలోపల పట్టేది. రెండుసార్లు, పని చూసే సర్దార్ అంతయ్యకు దొరికిపోయాడు. మూడోసారి నిద్రపోతే నౌకరీ పోతుందని సర్దార్ అందరి ముందే చెప్పాడు. నౌకరీ పోతే కంపెనీ ఇల్లూ పోతుంది.

సరోజన ఏడవలేదు. పాత చీరలు నాలుగు పొరలు పేర్చి, పైన విరిగిన గొడుగుల నల్లగుడ్డ వేసి బొంత కుట్టింది. మొగిలి బావికి పోయిన రాత్రుళ్లు వాకిట్లో కూర్చుని, మెడ పైకెత్తి చూస్తూ, చుక్కలున్న చోటల్లా గుడ్డ మీద జొన్నగింజలు పెట్టింది. పిల్లలకోడి చుక్కలకు ఆరు గింజలు. గొల్లకావడికి మూడు. ముసలవ్వ మంచానికి నాలుగు, ఆ మంచం ఎత్తుకుపోయే దొంగలకు మూడు. గింజ ఉన్నచోటల్లా నేను కాజా కుట్టాలి. బొంతను మంచానికి నాలుగు కర్రలు కట్టి పైన పరిస్తే, పగటి వెలుతురు కాజాల్లోంచి దిగి చుక్కలవుతుందట.

"మల్ల కుట్టుకూలి?" అన్నాను.

"ఆయన నిద్రపోతే ఇస్త," అంది. నిద్రకూ కుట్టుకూలికీ లంకె పెట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పుష్యమాసం ఎండలో, వాకిట్లో మంచం వేసి బొంత కట్టాం. మొగిలి లోపలికి దూరి, ఒక్క నిమిషంలో తల బయట పెట్టాడు.

"దొంగలు మంచానికి ఇవతలి దిక్కు వచ్చిన్రు. ఎట్ల పండుకోవాలె?"

నిజమే. తల పైకెత్తి చూసిన ఆకాశాన్ని సరోజన తల వంచి గుడ్డ మీద పెట్టింది. కింద నుంచి చూస్తే కుడిది ఎడమైంది. బొంత తిరగేశాం. దొంగలు వాళ్ల దిక్కుకు పోయారు. మొగిలి గురక మా ఇంటి దాకా వినబడింది. నా కుట్టుకూలి నాకు ముట్టింది.

సాయంత్రం మొగిలి లేవలేదు. సరోజన మూడుసార్లు కుదిపింది. కుదిపినప్పుడల్లా కళ్లు తెరిచి బొంతను చూసి, "ఇంక వేగుచుక్క పొడవలే," అని అటు తిరిగేవాడు. వేగుచుక్క పొడిస్తే లేవడం వాళ్ల బాపు నేర్పిన పద్ధతి. సరోజన అర్ధరాత్రి ఆకాశం కుట్టించింది, అందులో వేగుచుక్క లేదు. పొద్దుగూకి కాజాలన్నీ చీకటిపడితే, "మబ్బు పట్టింది," అన్నాడు. షిఫ్టు పోయింది.

తెల్లారి ఆకలికి గానీ మొగిలి లేవలేదు. పదకొండు గంటలకు అంతయ్య సర్దార్ నౌకరీ తీసేసే కాయితంతో వచ్చాడు. "బావిల పండుకున్నా ఇంట్ల పండుకున్నా, పండుకున్నట్టే. మూడోసారి."

"సర్దార్ సాబ్, తప్పు ఆయనది గాదు, బొంతది," అంది సరోజన.

"బొంతకు నిద్ర పడ్తదా? అంత నాటకం. జరుగుండ్రి, నేను చూస్త." కోటు విప్పి కర్రకు తగిలించి, బూట్లు విడిచి, కాయితం చేత్తో పట్టుకునే లోపలికి దూరాడు. కాయితం కిందపడిన చప్పుడు విన్నాం. తర్వాత గురక విన్నాం.

ఆ వారం సర్దార్ డ్యూటీ పగలు మూడు గంటలకు. సైరన్ కూసింది, ఆయన లేవలేదు. మొగిలి ఆయన పాదం పట్టుకుని ఊపాడు.

"చుక్క పొడవలే," అన్నాడు సర్దార్.

గడియారం చూసి లేచే మనిషి. ఆయన నోట్లోకి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. బొంత లాగేద్దాం అన్నాను. మొగిలి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నిద్రల ఉన్నోని మీదికెళ్లి ఆకాశం గుంజుతరా, భాయ్? మనిషి ఆగమైతడు."

నాకు ఒళ్లు మండింది. కత్తెర తెచ్చి, స్టూలు మీద నిలబడి, వేగుచుక్క పొడిచే తూర్పు అంచున, పొరలన్నీ కోసి, రూపాయి బిళ్లంత కాజా తెరిచాను. వెలుతురు భగ్గున దిగింది. సర్దార్ లేచి కూర్చుని, "తెల్లారిందా?" అన్నాడు.

"నాలుగైతుంది," అంది సరోజన.

ఆయన మొహం చూడాలి. తన షిఫ్టుకు తానే నాగా. కాయితం ఏరుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ కాయితం ఆఫీసుకు పోదని అందరికీ అర్థమైంది. బూట్లు తొడుక్కుంటూ మెల్లగా అన్నాడు, "పదకొండేండ్లయింది, గిట్ల నిద్రపోయి." నాకు ఆ మనిషి మీద మొదటిసారి జాలి కలిగింది.

వేగుచుక్క ఎప్పుడూ తెరిచి ఉంటే నిద్ర పట్టదు, మూసి ఉంటే మెలకువ రాదు. దానికి గుండీ కావాలి. అంత పెద్ద గుండీ సర్దార్ కోటుకు తప్ప ఎక్కడా లేదు. ఆయనే తెంపి ఇచ్చాడు. నేను కుడుతుంటే అడిగాడు, "మరి రోజూ పొద్దుగూకక ముందు ఈ గుండీ ఎవరు విప్పుతరు? విప్పేటోళ్లు మేలుకోని ఉండాలె గద?"

ముగ్గురం సరోజనను చూశాం. రాత్రంతా చుక్కలకు జొన్నగింజలు పెట్టింది, పగలంతా బొంత కుట్టింది. నెల రోజులుగా ఆమె ఎప్పుడు పడుకుందో మాలో ఎవరం అడగలేదు. నేను కూలి అడిగాను గానీ అది అడగలేదు. సిగ్గేసింది.

"నువ్వు పండుకో," అన్నాడు మొగిలి.

"బియ్యం పొయ్యి మీద ఉన్నయి," అంది.

"నేను దించుత."

ఆమె బొంత కిందికి పోయింది. మొగిలి గుండీ పెట్టాడు.

నేను దుకాణం కట్టేసి వచ్చేసరికి పొద్దుగూకింది. మొగిలి అన్నం దించి, లాంతరు వెలిగించి, బొంత పైన ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాజాలు చీకటిపడితే మబ్బు పట్టిందనుకుని ఆమె లేచి కూర్చుంటుందని అతని భయం. ఒక చెయ్యి నొస్తే ఇంకో చేతికి మార్చుకున్నాడు, దించలేదు. షిఫ్టు వేళకు లాంతరును మా ఇంటావిడ లతీఫున్నీసాకు అందించాడు.

"గుండీ విప్పకు, అక్కా," అన్నాడు. "ఆమెనే లేస్తది."

బావికి పోయాడు. ఆ రాత్రి లోపల నిద్రపోలేదు.